ఎన్టీఆర్ నాణెం: రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చిన నేత.. వంద రూపాయల నాణెంపై!

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ అంటే ఇవాళ టాలీవుడ్ అడ్రస్. కానీ ఎన్టీఆర్ సినిమాల్లోకి వచ్చేనాటికి తెలుగు సినిమా ఉన్నది మద్రాసులో. పరిశ్రమ హైదరాబాద్‌కు తరలి రావాలని 1976లోనే నాచారంలో సొంత స్టూడియో కట్టిన హీరో ఆయన. 2023లో ఆయన బొమ్మతో కేంద్రం ఏకంగా నాణెమే తెచ్చింది.

పాలు అమ్మిన కుర్రాడు

1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో బెజవాడ హోటళ్లకు పాలు పోశారు. డిగ్రీ తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం.. నెలకు 190 రూపాయల జీతం. మూడు వారాలకే ఆ ఉద్యోగం వదిలేసి మద్రాసు వెళ్లిపోయారు. 1949లో 'మనదేశం'తో తెరమీదకొచ్చారు. 1957లో 'మాయాబజార్' వచ్చాక కృష్ణుడంటే జనానికి ఆయనే.

తొమ్మిది నెలల్లో సీఎం

1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టారు. 1983 జనవరి 9న సీఎం అయ్యారు. కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చారు. 1984లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని రాగానే గవర్నర్ ఆయన్ని పదవి నుంచి తప్పించారు. జనంలోకి వెళ్లి నెల రోజుల్లోనే మళ్లీ కుర్చీ ఎక్కారు. 1985లో పూర్వీకుల ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు ఇచ్చారు. 1995లో సొంత పార్టీవాళ్లే గద్దె దించారు. కొన్ని నెలలకే, 1996 జనవరి 18న కన్నుమూశారు.

ఇంతకీ నాణెంలో ఏముంది?

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము విడుదల చేశారు. తయారైంది మన హైదరాబాద్ మింట్‌లోనే. బరువు 35 గ్రాములు, వెడల్పు 44 మిల్లీమీటర్లు. 50 శాతం వెండి, 40 శాతం రాగి, మిగతాది నికెల్, జింక్. ఒకవైపు మూడు సింహాలు, మరోవైపు ఎన్టీఆర్ ముఖం, 1923-2023. ముఖవిలువ వంద రూపాయలే అయినా అమ్మింది 4 వేలకు పైనే. స్మారక నాణెం కాబట్టి చిల్లరగా చలామణిలోకి రాదు.

అమెరికాలోనూ ఇంతే!

మహిళల ఓటు కోసం పోరాడిన సూసాన్ ఆంథోనీ బొమ్మతో అమెరికా 1979లో డాలర్ నాణెం తెచ్చింది. అది జనం వాడకం కోసమే. కానీ పావు డాలర్‌లా ఉండటంతో జనం తికమకపడి పక్కనపెట్టేశారు. ఆమె కోరిన ఓటు హక్కు మాత్రం ప్రతి మహిళకూ అందింది.

ఎన్టీఆర్ విషయంలోనూ అదే జరిగింది. నాలుగు వేలు పెట్టి ఆ నాణెం కొన్నది అభిమానులు, కలెక్షన్ చేసేవాళ్లే. కానీ రెండు రూపాయల బియ్యం తిన్న ఇళ్లకు, ఆస్తిలో వాటా దక్కిన ఆడపడుచులకు ఆయన్ని గుర్తు చేయడానికి నాణెం అక్కర్లేదు.