చదువుల ఇంటి బిడ్డ మాసూమా బేగం

ఆడపిల్ల పదో తరగతి దాటగానే ఇక చదువెందుకు అనే మాట మన ధవళేశ్వరంలోనూ వింటుంటాం. ఆ మాట అనే ముందు మాసూమా బేగం జీవితాన్ని ఒకసారి తలచుకుందాం.

ఆమె 1901లో జన్మించారు. తాతగారు సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ విద్యావేత్త. తల్లి తయ్యబా బేగం బిడ్డల్ని పెంచుతూనే 1910లో పట్టభద్రురాలయ్యారు. ఆ ఒడిలో పెరిగిన మాసూమా 1952లో హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. 1960లో సంజీవయ్యగారి మంత్రివర్గంలో సాంఘిక సంక్షేమ శాఖ చేపట్టారు. 1974లో పద్మశ్రీ అందుకున్నారు. తొంభై ఏళ్లకు చేరువై, 1990లో అల్లాహ్ సన్నిధికి చేరారు.

తాత చదువు తల్లికి, తల్లి చదువు బిడ్డకు అందింది. మన ఇళ్లలో నానీ, దాదీల మాటను ఎవరూ కాదనరు. ఆ మాట మనుమరాలి చదువుకు అండగా నిలవాలని కోరుకుందాం.