పద్నాలుగో సవరణ వెనుక మనిషి – జాన్ బింగ్‌హామ్

అమెరికా చరిత్ర అనగానే మనకు వాషింగ్టన్, లింకన్ గుర్తొస్తారు. వీసా మీద ఉన్నవాళ్ళు కూడా ఇక్కడి కోర్టుల్లో సమాన న్యాయం అడగగలుగుతున్నారంటే అందుకు కారకులైన జాన్ ఆర్మర్ బింగ్‌హామ్ పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు. ఆయన గురించి నాలుగు మాటలు చెబుతాను.

బింగ్‌హామ్ 1815లో పెన్సిల్వేనియాలోని మెర్సర్‌లో పుట్టారు. ఒహాయోలోని ఫ్రాంక్లిన్ కాలేజీలో చదివారు. బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించిన కాలేజీ అది. బానిసగా పుట్టిన టైటస్ బాస్‌ఫీల్డ్ అక్కడ ఆయన సహాధ్యాయి. ఆ స్నేహం చాలాకాలం నిలిచింది. తర్వాత కాడిజ్ అనే చిన్న ఊళ్ళో ప్లీడరుగా స్థిరపడి, 1854లో కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. 1862లో ఓడిపోయారు. 1865లో లింకన్ హత్య కేసులో ప్రభుత్వం తరఫున వాదించి, ఆ ఏడాదే మళ్ళీ సభకు వచ్చారు.

హక్కుల చట్టం కేంద్రాన్నే తప్ప రాష్ట్రాలను కట్టడి చేయదని 1833లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే బానిసత్వం పోయినా దక్షిణాది రాష్ట్రాలు నల్లవారిని అణచే చట్టాలు చేసుకోగలిగాయి. 1866 పౌరహక్కుల బిల్లుకు బింగ్‌హామ్ వ్యతిరేకంగా ఓటేశారు. ఆశయం నచ్చక కాదు, రాజ్యాంగాన్ని మార్చకుండా కాంగ్రెస్‌కు ఆ అధికారం లేదని. నాకు ఆయనలో నచ్చింది ఈ ప్లీడరు బుద్ధే.

1868లో అమల్లోకి వచ్చిన పద్నాలుగో సవరణ మొదటి సెక్షన్‌లో సింహభాగం ఆయన రాసిందే. ఇక్కడ పుట్టినవారికి పౌరసత్వం ఇచ్చే వాక్యం మాత్రం సెనేటర్ జేకబ్ హోవర్డ్ చేర్చారు. చట్టాల సమాన రక్షణను బింగ్‌హామ్ పౌరులకే పరిమితం చేయలేదు, ప్రతి వ్యక్తికీ అన్నారు. ఆ ఒక్క మాట ఆధారంగానే 1886లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా చాకళ్ళు సుప్రీంకోర్టులో గెలిచారు. వాళ్ళు అమెరికా పౌరులు కారు.

ఆయనకు మచ్చ లేకపోలేదు. రైల్వే షేర్ల కుంభకోణంలో ఆయన పేరూ వినిపించింది. 1873 నుంచి 1885 దాకా జపాన్‌లో అమెరికా రాయబారిగా పనిచేసి, అసమాన ఒప్పందాలు సవరించాలన్న జపాన్ కోరికను సమర్థించారు. 1900లో కాడిజ్‌లో కన్నుమూశారు. అప్పటికి సుప్రీంకోర్టు 1896 తీర్పుతో జాతుల వేర్పాటును ఆమోదించింది. స్కూళ్ళలో అది చెల్లదనడానికి 1954 దాకా పట్టింది.

మన భారత రాజ్యాంగం 14వ అధికరణంలోనూ ఈ సమాన రక్షణ ఉంది. ఆ మాటలు మనవాళ్ళు ఇక్కడి సవరణ నుంచి తీసుకున్నవే. అక్కడా పౌరుడు అని లేదు, వ్యక్తి అనే ఉంది. పిల్లలు స్కూల్లో పద్నాలుగో సవరణ పాఠం చదివేటప్పుడు ఈ సంగతి కూడా వాళ్ళకు చెప్పండి.