వెతికింది దొరకలేదు.. అయినా పని ఆగలేదు!

ఏడాదిగా ప్రిపేరవుతున్నారు, రిజల్ట్ రాలేదు. చేసిందంతా వృథా అనిపిస్తోందా? అయితే రాబర్ట్ బ్రూస్ ఫుట్ గురించి తెలుసుకోండి.

ఆయన 1834లో ఇంగ్లండ్‌లో పుట్టారు. 24 ఏళ్లకే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్‌ఐ)లో చేరి మద్రాసు వచ్చారు. రాళ్లను పరిశీలించి మ్యాపులు గీయడం ఆయన ఉద్యోగం. 1863లో మద్రాసు దగ్గర పల్లవరంలో ఆదిమానవుల రాతి పనిముట్టును గుర్తించింది ఈయనే.

గుహల్లోకి..

కోనసీమలో ఎంత తవ్వినా గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టే కనిపిస్తుంది. కర్నూలు వైపు అలా కాదు, అక్కడ సున్నపురాయి ఉంది. వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని లోపలికి ఇంకుతుంది. వేల ఏళ్లపాటు రాయిని కరిగిస్తుంది. గుహలు అలాగే ఏర్పడతాయి. బెలూం గుహల్లో పాతాళగంగ నీటిపాయను మీరు ఇప్పటికీ చూడొచ్చు.

1884లో ఫుట్ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో తవ్వకాలు మొదలుపెట్టారు. సైన్యంలో అధికారిగా ఉన్న కొడుకు హెన్రీ కూడా ఆ పనిలో చేయి వేశారు. ఆదిమానవుల అవశేషాలు దొరుకుతాయని ఆశ. అవి దొరకలేదు! ఖడ్గమృగంతో సహా ఎన్నో జంతువుల ఎముకలు బయటపడ్డాయి. కొన్ని ఎముకలు మనిషి చెక్కినట్టున్నాయని ఫుట్ గుర్తించి, రికార్డు చేసిపెట్టారు. 1970ల్లో పరిశోధకుడు ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వితే ఎముక పనిముట్లు దొరికాయి. ఫుట్ అంచనాకు బలం వచ్చింది. అది చూడ్డానికి ఆయన లేరు, 1912లోనే కన్నుమూశారు.

1891లో రిటైరయ్యాక కూడా ఫుట్ ఖాళీగా కూర్చోలేదు. బరోడా, మైసూరు సంస్థానాలకు పనిచేశారు. ఆయన సేకరించిన వస్తువులు చెన్నై ఎగ్మోర్ మ్యూజియానికి చేరాయి.

మీరూ వెళ్లొచ్చు

జీఎస్‌ఐలో జియాలజిస్టు పోస్టులకు యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష పెడుతుంది. జియాలజీలో పీజీ ఉండాలి. విశాఖలోని ఆంధ్రా యూనివర్సిటీలో ఈ కోర్సు ఉంది. సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డు పోస్టులకూ ఇదే దారి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అనుకున్నది దొరకనప్పుడు, దొరికినదాన్ని జాగ్రత్తగా రాసిపెట్టారు ఫుట్. మీరు రాసిన ప్రతి మాక్ టెస్టులో ఏది తప్పిందో ఓ నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాతి పరీక్షకు పనికొచ్చేది అదే.