కీన్స్ దొరగారి ఓపిక

జాన్ మేనార్డ్ కీన్స్ అనగానే ఆర్థికశాస్త్రం గుర్తుకు వస్తుంది. ఆయన కూడా ఒకప్పుడు మనవంటి గుమాస్తాయే. 1883లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పుట్టి, 1906లో లండనులోని ఇండియా ఆఫీసులో చేరారు. ఆ పని విసుగనిపించి 1908లో రాజీనామా చేశారు. మన రూపాయి వ్యవహారంపై 1913లో పుస్తకం వ్రాశారు.

1920లో కొద్దిపాటి బయానా కట్టి, జర్మనీ మార్కు విలువ పడిపోతుందని పెద్ద ఎత్తున వ్యాపారం చేశారు. మార్కు కొన్నాళ్ళు పెరిగేసరికి దివాలా అంచుకు చేరారు. తరువాత అది పడిపోయింది గాని, అంతదాకా నిలబడే సొమ్ము ఆయన వద్ద లేకపోయింది.

1924 నుంచి కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ నిధుల బాధ్యత వహించారు. 1929లో షేర్లు కూలినప్పుడు తానూ బాగా నష్టపోయారు. అప్పటినుంచి పద్ధతి మార్చుకొని, జనం భయపడి అమ్ముకొనే మంచి కంపెనీల షేర్లు చవకగా కొని ఏళ్ళ తరబడి ఉంచారు. 1946లో కన్నుమూసేనాటికి కాలేజీ నిధి అనేక రెట్లు పెరిగింది.

కాలేజీకి ఆ సొమ్ము మర్నాడే అక్కరలేదు గనుక ఓపిక పట్టగలిగారు. మన సంగతి వేరు. మందులకూ, మనుమరాలి పెళ్ళికీ దాచుకొన్న గ్రాట్యుటీతో ఆ సాహసం చేయవద్దని సోదర పెన్షనర్లకు నా మనవి.