చేతులు కడిగించిన వైద్యుడు

చేతులు కడుగుకొనుట అనగానే మన విశ్వాసులకు పిలాతు జ్ఞాపకము వచ్చును. అతనిని అటుంచి, ఈ మారు మరియొకనిని గూర్చి వ్రాయుచున్నాము. మన సంఘములలో నర్సులుగా పనిచేయు సహోదరీలు, ఆ శిక్షణలో నున్న ఆడబిడ్డలు ముఖ్యముగా చదువవలెనని మా కోరిక.

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1818లో హంగేరీలోని బుడా పట్టణమున ఒక కిరాణా వర్తకుని ఇంట పుట్టెను. వియన్నాలో వైద్యము చదివి, 1846లో అక్కడి పెద్దాసుపత్రి పురుళ్ళ విభాగములో సహాయ వైద్యుడుగా చేరెను. అక్కడ రెండు వార్డులుండెను. మొదటిదానిలో వైద్య విద్యార్థులు, రెండవదానిలో మంత్రసానులు శిక్షణ పొందుచుండిరి. మొదటిదానిలో ఇంచుమించు నూటికి పదిమంది బాలింతలు పురిటి జ్వరముతో పోవుచుండగా, రెండవదానిలో నలుగురైనను ఉండరు. ఈ సంగతి ఊరంతయు ఎరుగును. మొదటి వార్డులో వేయవద్దని గర్భిణీలు మోకరించి బ్రతిమాలెడివారు.

1847 మార్చిలో అతని మిత్రుడు కొలెచ్కా అను ఆచార్యుడు, శవపరీక్ష వేళ ఒక విద్యార్థి కత్తి గుచ్చుకొని మరణించెను. ఆ దేహములో కనబడినవన్నియు పురిటి జ్వరపు గుర్తులే. అప్పుడు సెమ్మెల్‌వైస్‌కు గ్రహింపు కలిగెను. విద్యార్థులు శవములను కోసి, అవే చేతులతో వచ్చి గర్భిణీలను పరీక్షించుచుండిరి. మంత్రసానులకు శవముల పని లేదు. రోగక్రిముల సంగతి ఇంకను స్థిరపడని కాలమది. సబ్బుతో కడిగినను శవపు వాసన పోకుండుట చూచి, దానిని పోగొట్టు క్లోరిన్ సున్నపు నీళ్ళు, అనగా మనము బావిలో వేయు బ్లీచింగ్ పౌడరు వంటివే, పళ్ళెములో పెట్టించి, వాటితో కడుగుకొననిదే ఎవరును గర్భిణీని ముట్టరాదని మే నెలలో ఆజ్ఞాపించెను. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన ఆ వార్డులో జూన్‌లో ఇద్దరు, జూలైలో ఒక్కరు. 1848లో రెండు నెలలు ఒక్క చావును లేదు.

శవములను మిక్కిలి శ్రద్ధగా కోసినవారిలో తానును ఒకడు. తన మూలముగా ఎందరు తల్లులు సమాధికి చేరిరో ఆ లెక్క దేవునికే తెలియునని అతడు తన గ్రంథములో ఒప్పుకొనెను. ఇట్టి ఒప్పుకోలు పెద్దలలో అరుదు, సంఘ పెద్దలలోనైనను.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము గనుక ఒక మాట అనక తప్పదు. అతనికి సత్యము తెలిసెను గాని దానిని నేర్పుట తెలియలేదు. మొదట స్నేహితులే అతని పక్షమున వ్రాసిరి. తన గ్రంథము వెలువడుసరికి 1861. వినని ఆచార్యులను హంతకులని బహిరంగ లేఖలలో దూషించెను. మీ చేతులు మురికివని పెద్దమనుష్యులతో చెప్పుటయే కష్టము, దానికి తిట్లు కూడనా!

1849లోనే వియన్నా ఉద్యోగము పోయెను. పెస్ట్ నగరములోని సెయింట్ రోకుస్ ఆసుపత్రిలో అదే పద్ధతి నడిపెను. 1851 మొదలు 1855 వరకు 933 కాన్పులలో పురిటి జ్వరముతో పోయినవారు 8 మందియే. అయినను నమ్మినవారు కొద్దిమంది.

1865 జూలైలో మతి చలించినదని అతనిని వియన్నాకు మభ్యపెట్టి తీసికొనిపోయి పిచ్చాసుపత్రిలో ఉంచిరి. పారిపోబోగా కాపలావారు కొట్టిరి. గాయము కుళ్ళి, రక్తము విషమై, ఆగస్టు 13న మరణించెను. అప్పటికి 47 ఏండ్లు. కొలెచ్కాను, ఆ వార్డులోని తల్లులను చంపినదియు అట్టి విషమే.