అంతర్ముఖుడైన మహాకవి జీవనానంద దాస్

రవీంద్రనాథ్ ఠాగూర్ అనంతర బెంగాలీ కవిత్వంలో అగ్రగణ్యుడిగా నేడు మన్ననలందుకుంటున్న జీవనానంద దాస్, తన జీవితకాలంలో జనసమ్మర్దానికి దూరంగానే మెలిగారు. సాహిత్య సభలు, ‘అడ్డా’ పేరిట గంటల తరబడి సాగే మిత్రగోష్ఠులు కలకత్తా సాంస్కృతిక జీవనానికి ఆయువుపట్టు. పరిచయాలు, పత్రికల్లో చోటు, పేరుప్రతిష్ఠలు చాలావరకు అక్కడే సమకూరేవి. అటువంటి నగరంలో మితభాషిగా బతికినందుకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

1899 ఫిబ్రవరి 17న ప్రస్తుత బంగ్లాదేశ్‌లోని బరిశాల్‌లో ఆయన జన్మించారు. తండ్రి సత్యానంద దాస్ ఉపాధ్యాయుడు. తల్లి కుసుమకుమారి దాస్ కవయిత్రి. మాట కన్నా పని మిన్న అని బోధించే ఆమె బాలగేయం బెంగాలీ కుటుంబాలకు సుపరిచితం. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం నుంచి ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. పట్టా పొందిన జీవనానంద, మరుసటి ఏడాది సిటీ కాలేజీలో అధ్యాపకుడిగా చేరారు. 1928లో సరస్వతీ పూజ వివాదంతో విద్యార్థులు తగ్గి, కళాశాల ఆర్థికంగా చితికిపోవడంతో ఉద్యోగం పోయింది. ఢిల్లీలోని రాంజస్ కాలేజీలో కొద్దికాలమే పనిచేశారు. 1930లో లావణ్యను వివాహమాడిన తర్వాత దాదాపు ఐదేళ్లు స్థిరమైన జీవనోపాధి లేదు. 1935లో స్వస్థలంలోని బ్రజమోహన్ కాలేజీలో కొలువు దొరికింది. దేశ విభజన ఆ ఆసరానూ దూరం చేసింది.

ఆయన కవితలను కొన్ని పత్రికలు తీవ్రంగా ఎద్దేవా చేశాయి. వాదోపవాదాలకు దిగడం ఆయన స్వభావం కాదు. ఆ మౌనాన్ని అసమర్థతగా భావించినవారే ఎక్కువ. అయితే 1935లో ‘కవిత’ పత్రికను ప్రారంభించిన బుద్ధదేవ్ బసు మాత్రం మనిషి మాటతీరును కాక రాతను చూశారు. ‘బనలతా సేన్’ కవిత ఆ పత్రికలోనే వెలువడింది.

1954 అక్టోబర్ 14న కలకత్తాలో సాయంకాలపు నడకకు వెళ్లిన జీవనానందను ట్రామ్ ఢీకొంది. అదే నెల 22న ఆసుపత్రిలో కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆయన ‘శ్రేష్ఠ కవిత’ సంపుటికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఇంట్లోని ట్రంకుపెట్టెలు తెరిచినప్పుడే అసలు విస్మయం ఎదురైంది. పదికి మించిన నవలలు, సుమారు వంద కథలు, దినచర్య పుస్తకాలు, అసంఖ్యాకమైన కవితలు అచ్చుకు నోచుకోకుండా పడి ఉన్నాయి. 1957లో గ్రంథరూపం దాల్చిన ‘రూపసీ బంగ్లా’ కూడా అటువంటిదే. 1971 బంగ్లాదేశ్ విముక్తి పోరాట కాలంలో ఆ కవితలు లక్షలాది మందికి మాతృభూమి రూపాన్ని కళ్లకు కట్టాయి.

నలుగురిలో నోరు విప్పలేనివారి వద్ద చెప్పవలసినదేమీ లేదన్న భావన నేటికీ తరగతి గదుల్లోనూ, ఉద్యోగాల ఎంపికలోనూ బలంగా ఉంది. ఏకాంతం జీవనానందకు కవిత్వాన్నిచ్చింది నిజమే. కానీ ఆయన అనుభవించిన పేదరికానికి, అవహేళనకు ఆ ఏకాంతాన్ని కారణంగా చూపి సమాజం తప్పించుకోలేదు. ఆయన పెట్టెలను తెరిచి చదివేవారు ఆలస్యంగానైనా దొరికారు. ఆ భాగ్యానికి నోచుకోని మితభాషులు ఎందరో లెక్క తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు.