సైన్యాన్ని వెనక్కి రమ్మన్న కింగ్

మార్టిన్ లూథర్ కింగ్ పేరు వినని హాస్టల్ విద్యార్థి ఉండరు. నల్లజాతి ప్రజల హక్కుల కోసం అహింసా మార్గంలో పోరాడి, తుపాకీ గుండుకు బలైన నాయకుడిగా ఆయన మనందరికీ తెలుసు. వ్యాసరచన పోటీల్లో ఆయన గురించి రాస్తాం, వక్తృత్వ పోటీల్లో మాట్లాడతాం. అయితే మన వ్యాసాలు చాలావరకు 1963 వాషింగ్టన్ సభ దగ్గరే ఆగిపోతాయి. ఆ తర్వాత ఆయన మరో నాలుగున్నర ఏళ్ళు బతికారు. చివరి ఏడాదిలో, తన దేశం వియత్నాంలో చేస్తున్న యుద్ధాన్ని బహిరంగంగా ఎదిరించారు. సైన్యాన్ని తేదీ పెట్టి వెనక్కి పిలవమన్నారు. పిలిస్తే తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పారు. అందుకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. ఈ వార్షికోత్సవ సంచికలో కింగ్ జీవితంలోని ఆ భాగాన్ని మిత్రులందరికీ పరిచయం చేయాలనుకున్నాం.

బాల్యం, చదువు

కింగ్ 1929 జనవరి 15న అమెరికా దక్షిణాదిలోని జార్జియా రాష్ట్రం, అట్లాంటా నగరంలో జన్మించారు. తండ్రి ఎబినేజర్ బాప్టిస్టు చర్చి పాస్టరు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి బడి వేరు, మంచినీళ్ళ కుళాయి వేరు, బస్సులో సీటు వేరు. ఊరు వేరు, వాడ వేరు అన్న సంగతి తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కింగ్ చదువులో చురుకైనవారు. పదిహేనేళ్ళకే మోర్‌హౌస్ కాలేజీలో చేరారు. 1953లో కొరెట్టా స్కాట్‌ను వివాహమాడారు. 1955లో బోస్టన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేటు అందుకున్నారు.

ఆ ఏడాది డిసెంబర్ 1న మాంట్‌గోమరీ పట్టణంలో రోసా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటు తెల్లవాడికి ఇవ్వనన్నందుకు అరెస్టయ్యారు. అక్కడి చర్చిలో పాస్టరుగా ఉన్న కింగ్ బస్సుల బహిష్కరణ ఉద్యమానికి నాయకుడయ్యారు. 381 రోజులపాటు నల్లవారు బస్సెక్కలేదు. కాళ్ళరిగేలా నడిచి పనులకు వెళ్ళారు. చివరకు సుప్రీంకోర్టు తీర్పుతో బస్సుల్లో వేరు సీట్ల పద్ధతి పోయింది. అప్పటికి కింగ్ వయసు 27 ఏళ్ళు.

మన దేశంలో కింగ్

1959 ఫిబ్రవరిలో కింగ్ దంపతులు గాంధీజీ పుట్టిన నేలను చూడాలని మన దేశం వచ్చారు. ఆ పర్యటనలో కేరళలోని త్రివేండ్రంలో ఒక పాఠశాలకు వెళ్ళారు. అక్కడి పిల్లలు ఒకప్పుడు అంటరానివారుగా చూడబడిన కుటుంబాల నుంచి వచ్చినవారు. ప్రధానోపాధ్యాయుడు కింగ్‌ను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పిల్లలకు పరిచయం చేశారు. ఆ మాటకు కింగ్ మొదట నొచ్చుకున్నారు. కాసేపు ఆలోచించాక, తన దేశంలో రెండు కోట్ల నల్లవారి స్థితి అదే కదా అని ఒప్పుకున్నారు. ఈ సంగతి 1965లో తన ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నారు. ఆ పాఠశాల పిల్లల స్థానంలో మనల్ని మనం ఊహించుకుంటే కింగ్ మనకు ఎంత దగ్గరివాడో అర్థమవుతుంది.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో రెండున్నర లక్షల మంది సభ జరిగింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ ఏడాదే 35 ఏళ్ళ వయసులో కింగ్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చింది. ఈ రెండు చట్టాల మీదా సంతకం చేసినవారు అధ్యక్షుడు లిండన్ జాన్సన్. వియత్నాంకు లక్షల సైన్యాన్ని పంపినవారూ ఆయనే. కింగ్‌కు ఎదురైన చిక్కు ఇక్కడే ఉంది.

వియత్నాంలో ఏం జరిగింది?

వియత్నాం ఫ్రాన్సు పాలనలో మగ్గిన దేశం. 1945లో హోచిమిన్ స్వాతంత్ర్యం ప్రకటించారు. ఫ్రాన్సు ఒప్పుకోక యుద్ధానికి దిగింది. ఆ యుద్ధం ఖర్చులో ఎక్కువ భాగం చివరికి అమెరికాయే భరించింది. 1954లో ఫ్రాన్సు ఓడిపోయింది. జెనీవా ఒప్పందం ప్రకారం దేశాన్ని 17వ అక్షాంశం దగ్గర తాత్కాలికంగా రెండుగా విడదీశారు. ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ కమిషన్‌కు మన దేశమే అధ్యక్షత వహించింది. 1956లో దేశమంతటా ఎన్నికలు జరగాలి. అవి జరగలేదు. దక్షిణాన అమెరికా అండగల ప్రభుత్వం, దానిపై తిరగబడిన జాతీయ విమోచన కూటమి, ఉత్తరాన హోచిమిన్ ప్రభుత్వం. ఇలా మళ్ళీ యుద్ధం రాజుకుంది. 1965 చివరికి అక్కడ 1,84,000 మంది అమెరికా సైనికులు ఉంటే, 1967 చివరికి ఆ సంఖ్య 4,85,000 దాటింది.

సైన్యం అక్కడ ఎందుకు ఉండాలో చెప్పేవారికి వారి వాదన వారికి ఉంది. వరుసగా నిలబెట్టిన పేకముక్కల్లో ఒకటి పడితే మిగతావన్నీ పడతాయి కదా, అలాగే వియత్నాం కమ్యూనిస్టుల చేతికి పోతే చుట్టుపక్కల దేశాలన్నీ పోతాయన్నారు. నమ్ముకున్నవారిని నట్టేట వదిలితే ఇక ఏ దేశమూ అమెరికా మాట నమ్మదన్నారు. మనం వెళ్ళిపోతే మనతో నిలబడినవారిని ఊచకోత కోస్తారన్నారు. ఇవన్నీ కొట్టిపారేయదగ్గ మాటలు కావు. అందుకే ఆ చర్చ అంతకాలం సాగింది.

మౌనం వీడిన వేళ

కింగ్ 1965లోనే యుద్ధం ఆపి చర్చలు జరపమన్నారు. వెంటనే నలువైపుల నుంచి విమర్శలు వచ్చాయి. జాన్సన్‌తో తగవు పడితే హక్కుల ఉద్యమం దెబ్బతింటుందని సహచరులు హెచ్చరించారు. ఆయన కొంతకాలం వెనక్కి తగ్గారు. కొరెట్టా మాత్రం తగ్గలేదు. 1962లోనే జెనీవాలో నిరాయుధీకరణ సదస్సుకు వెళ్ళిన ఆమె, భర్త కంటే ముందే యుద్ధ వ్యతిరేక వేదికలెక్కారు. 1966లో వియత్నాం బౌద్ధ భిక్షువు తిచ్ నాట్ హాన్‌ను కింగ్ కలిశారు. మరుసటి ఏడాది ఆ భిక్షువు పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. 1967 జనవరిలో ఒక పత్రికలో బాంబుల మంటల్లో కాలిన వియత్నాం పిల్లల ఫొటోలు చూశారు. ముందున్న భోజనం పక్కకు నెట్టేశారు. ఇక మౌనంగా ఉండకూడదని నిర్ణయించుకున్నారు.

1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ నగరంలోని రివర్‌సైడ్ చర్చిలో సుమారు 3,000 మంది ముందు ఆయన ప్రసంగించారు. 1913 నుంచి 1916 వరకు మన బాబాసాహెబ్ అంబేద్కర్ చదువుకున్న కొలంబియా యూనివర్సిటీ ఆ చర్చికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది.

ఆ ప్రసంగంలో కింగ్ మొదట ఇంటి లెక్క తీశారు. పేదరికం మీద ప్రభుత్వం మొదలుపెట్టిన కార్యక్రమాల డబ్బు యుద్ధానికి తరలిపోతోందన్నారు. అంతకు ముందు ఫిబ్రవరిలో లాస్ ఏంజిల్స్‌లో ఒక లెక్క చెప్పారు. ఒక్క శత్రు సైనికుణ్ణి చంపడానికి దేశం 3,22,000 డాలర్లు ఖర్చుపెడుతోంది, ఒక్కో పేదవాడి కోసం పెడుతున్నది 53 డాలర్లే అని. పోయే ప్రాణాలు కూడా పేదవారివే. జనాభాలో సుమారు 11 శాతం ఉన్న నల్లవారు, 1965-66లో యుద్ధంలో చనిపోయిన అమెరికన్లలో సుమారు 20 శాతం ఉన్నారు. ఒకే బడిలో పక్కపక్కన కూర్చోనివ్వని దేశం కోసం నల్ల, తెల్ల కుర్రాళ్ళు ఒకేచోట చస్తున్నారని ఆయన బాధపడ్డారు.

తర్వాత, ఏం చేయాలో ఐదు అంశాలుగా చెప్పారు. ఒకటి, ఉత్తర, దక్షిణ వియత్నాంలలో బాంబుదాడులు ఆపాలి. రెండు, అమెరికా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించాలి. మూడు, యుద్ధం లావోస్, థాయ్‌లాండ్ వంటి పక్క దేశాలకు పాకకుండా చూడాలి. నాలుగు, విమోచన కూటమికి ప్రజల్లో బలం ఉందన్న నిజాన్ని ఒప్పుకొని దాన్నీ చర్చలకు పిలవాలి. ఐదు, జెనీవా ఒప్పందం ప్రకారం విదేశీ సైన్యాలన్నీ వెళ్ళిపోయే తేదీ ప్రకటించాలి.

అంతటితో ఆగి ఉంటే ఆయన ప్రసంగం కూడా ఒక నినాదంగానే మిగిలిపోయేది. కొత్త ప్రభుత్వం వస్తే ప్రాణభయం ఉన్న వియత్నామీయులందరికీ అమెరికా ఆశ్రయం ఇవ్వాలని ఆయన చెప్పారు. చేసిన నష్టానికి పరిహారం కట్టాలని, గాయపడ్డవారికి వైద్య సాయం అందించాలని చెప్పారు. ఎదుటి పక్షం దోషం లేనిదని కూడా ఆయన అనలేదు. వెళ్ళిపోతే కష్టాలు రావన్న భరోసా ఆయన ఇవ్వలేదు. ఆ కష్టాలకు ఎవరు బాధ్యత తీసుకోవాలో చెప్పారు. కింగ్ గొప్పతనం ఇక్కడే ఉందని మేము భావిస్తున్నాం.

అయినవారే దూరమయ్యారు

మర్నాటి నుంచే విమర్శల వాన మొదలైంది. వాషింగ్టన్ పోస్ట్, న్యూయార్క్ టైమ్స్ వంటి పెద్ద పత్రికలు సంపాదకీయాల్లో తప్పుపట్టాయి. నల్లజాతి హక్కుల సంఘాల్లో పెద్దదైన ఎన్ఏఏసీపీ, హక్కుల ఉద్యమాన్నీ శాంతి ఉద్యమాన్నీ కలపడం పొరపాటని తీర్మానించింది. 1950లో నోబెల్ శాంతి బహుమతి పొందిన నల్లజాతి మేధావి రాల్ఫ్ బంచ్ కూడా విభేదించారు. వీరు కింగ్‌కు శత్రువులు కారు. హక్కుల చట్టాలు తెచ్చిన అధ్యక్షుణ్ణి దూరం చేసుకుంటే నల్లవారికే నష్టమన్నది వారి భయం. ఆ భయంలోనూ నిజం ఉంది. జాన్సన్ నిజంగానే దూరమయ్యారు. అయినా ఏప్రిల్ 15న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం వరకు సాగిన మహా ప్రదర్శనలో కింగ్ ముందు వరుసలో నడిచారు.

1968లో మెంఫిస్ నగరంలో 1,300 మంది నల్లజాతి పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోవడంతో మొదలైన సమ్మె అది. వారికి అండగా కింగ్ వెళ్ళారు. మార్చి 31న జాన్సన్ ఉత్తర వియత్నాంపై బాంబుదాడులు చాలావరకు ఆపుతున్నట్టు, మళ్ళీ ఎన్నికల్లో నిలబడనని ప్రకటించారు. నాలుగు రోజులకు, ఏప్రిల్ 4 సాయంత్రం, మెంఫిస్‌లోని లొరైన్ మోటల్ బాల్కనీలో కింగ్‌ను కాల్చిచంపారు. రివర్‌సైడ్ ప్రసంగానికి సరిగ్గా ఏడాది నిండిన రోజది. ఆయన వయసు 39 ఏళ్ళు మాత్రమే.

తర్వాత తేలిన నిజాలు

1968 మేలో పారిస్‌లో చర్చలు మొదలయ్యాయి. 1969 జనవరిలో విమోచన కూటమికీ చర్చల్లో చోటు దక్కింది. కింగ్ చెప్పిన నాలుగో మాట అదే. మూడో మాట మాత్రం ఎవరూ వినలేదు. 1969లో కంబోడియా మీద రహస్యంగా బాంబులు వేశారు, 1970లో సైన్యం ఆ దేశంలోకి చొరబడింది. 1973 జనవరి 27న పారిస్ ఒప్పందం కుదిరింది. మార్చి 29న చివరి పోరాట దళాలు వెళ్ళిపోయాయి. ఆ యుద్ధంలో చనిపోయిన 58,000 మందికి పైగా అమెరికన్లలో సగం కంటే ఎక్కువమంది రివర్‌సైడ్ ప్రసంగం తర్వాత చనిపోయినవారే. వియత్నామీయుల చావులు లక్షల్లో ఉన్నాయి.

1975 ఏప్రిల్ 30న సైగాన్ కూలిపోయింది. ఇక ఎవరి జోస్యం నిజమైంది? పేకముక్కల వాదం చాలావరకు తప్పింది. థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా పడిపోలేదు. పైగా 1979లో కమ్యూనిస్టు దేశాలైన వియత్నాం, కంబోడియా, చైనాలే ఒకదానితో ఒకటి యుద్ధం చేసుకున్నాయి. కానీ వెనక మిగిలినవారి గురించి చెప్పిన భయం నిజమైంది. ఎంతోమందిని శిబిరాల్లో నిర్బంధించారు. తర్వాతి ఇరవై ఏళ్ళలో సుమారు 8 లక్షల మంది పడవల్లో ఇతర దేశాలకు చేరారు. సముద్రం మీద చనిపోయినవారికి లెక్క లేదు. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ పాలనలో 15 నుంచి 20 లక్షల మంది చనిపోయారు. అది సైన్యం వెళ్ళినందువల్లనా, యుద్ధాన్ని ఆ దేశానికి పాకించినందువల్లనా అన్న వాదన ఆగలేదు. అమెరికా లక్షల మందికి ఆశ్రయమిచ్చింది. పునర్నిర్మాణానికి 325 కోట్ల డాలర్లు ఇస్తామని 1973లో నిక్సన్ రాసిన మాట మాత్రం నీటిమూట అయింది.

ఈ ప్రశ్న వియత్నాంతో ముగిసిపోలేదు. 1987లో శ్రీలంక వెళ్ళిన మన సైన్యం వెయ్యి మందికి పైగా జవాన్లను పోగొట్టుకొని 1990 మార్చిలో తిరిగి వచ్చింది. అక్కడి యుద్ధం 2009 దాకా సాగింది. 2021 ఆగస్టులో ఇరవై ఏళ్ళ తర్వాత అమెరికా ఆఫ్ఘనిస్తాన్ విడిచిపోయింది. కాబూల్ విమానాశ్రయంలో తొక్కిసలాట మనం టీవీల్లో చూశాం. ఆ తర్వాత అక్కడి ఆడపిల్లలకు ఆరో తరగతి దాటి బడి తలుపులు మూసేశారు. మన బాలికల హాస్టళ్ళలోని చెల్లెళ్ళు ఈ ఒక్క వాక్యం మరోసారి చదవాలని మా కోరిక.

మిత్రులారా! వక్తృత్వ పోటీల్లో మనం అనుకూలం, వ్యతిరేకం అని రెండు జట్లుగా విడిపోయి గెలవడం కోసం మాట్లాడతాం. అందులో తప్పేమీ లేదు. కానీ కింగ్‌ను చదివాక మాకు ఒకటి అనిపించింది. సైన్యం ఉండాలనేవారు, దాని ఖర్చు ఎవరి కంచంలోంచి పోతోందో, ఎవరి బిడ్డలు చస్తున్నారో చెప్పాలి. రావాలనేవారు, ఏ తేదీకి రావాలో, ఎవరితో మాట్లాడి రావాలో, వెనక మిగిలేవారిని ఎవరు ఆదుకోవాలో చెప్పాలి. ప్రభుత్వ సొమ్ముతో అన్నం తిని చదువుకుంటున్న మనకు మొదటి లెక్క బాగా తెలుసు. రెండో లెక్క కూడా అడిగే ధైర్యం కింగ్ జీవితం నుంచి నేర్చుకుందాం.